మియాటా, 86, బాక్స్‌స్టర్: తక్కువ డబ్బుకు ఏది మేలు?

"చేతిలో ఉన్నది కొంచెమే, సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కావాలి. మాజ్దా మియాటా కొనాలా, టయోటా 86 కొనాలా, పోర్షె బాక్స్‌స్టర్ కొనాలా?" వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. విడివిడిగా జవాబులిచ్చే ఓపిక అయిపోయింది కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను. మాన్యువల్ గేర్లూ వెనక చక్రాల డ్రైవూ తేలికైన బాడీ ఎందుకు బాగుంటాయో మీకు తెలుసనే అనుకుంటున్నాను. తెలియకపోతే ఈ పిచ్చి మీకింకా పట్టలేదన్నమాట, హాయిగా ఉండండి.

విచిత్రం ఏమిటంటే, ఏ తరం మోడల్ అన్నది కాస్త అటూ ఇటూ చూసుకుంటే ఈ మూడూ ఇంచుమించు ఒకే ధరకు దొరుకుతాయి. కొత్తగా వచ్చిన రోజుల్లో బాక్స్‌స్టర్ ధర మియాటాకు దాదాపు రెట్టింపు. ఇరవై ఏళ్లు గడిచేసరికి రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. మరి ఆ తేడా అంతా ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, రాబోయే రిపేర్ల రూపంలో కారులోనే ఉంది. పాత ఓనరు కట్టకుండా వదిలేసిన బిల్లు కొత్త ఓనరు కడతాడని మార్కెట్ ముందే లెక్కేసి ఆ మేరకు ధర తగ్గించింది. కారు ధర పడిపోయింది కదా అని దాని బ్రేక్ డిస్కుల ధరా క్లచ్ ధరా పడిపోవు. చవగ్గా వచ్చినా ఏనుగు ఏనుగే, మేత దగ్గర ఏ తగ్గింపూ ఉండదు.

అందుకే హార్స్‌పవర్, వందకు ఎన్ని సెకన్లలో చేరుతుంది లాంటి లెక్కలు నేను చివర్లో చూస్తాను. ముందు చూసేది ఒక్కటే: ఈ కారు తన పెద్ద ఖర్చును ఎక్కడ దాచుకుంది? డబ్బు ఇవ్వకముందే అది నా కంటికి కనిపిస్తుందా, లేదా?

నడపడంలో మూడూ మంచివే, ఆ ముక్క ముందే చెప్పేస్తాను. మియాటా చేతికి తేలిగ్గా ఉంటుంది. గేర్ మార్చడం కోసమే గేర్ మార్చాలనిపిస్తుంది. 86 కూర్చునే పొజిషన్, స్టీరింగ్ చెప్పినట్టు వినే తీరు మూడింటిలో ఎక్కువమందికి నచ్చుతాయి. బాక్స్‌స్టర్‌లో ఇంజన్ సీట్ల వెనకే ఉంటుంది, ఆరు సిలిండర్ల మోత వీపు మీదుగా వినిపిస్తుంది. ఆ మోత విన్నాక మిగతా రెండూ కుట్టుమిషన్లలా అనిపిస్తాయని ఎవరైనా అంటే నేను కాదనను. సరదా విషయంలో బాక్స్‌స్టర్‌దే పైచేయి. కానీ ఇక్కడ మనకు ఉన్నది తక్కువ బడ్జెట్.

బాక్స్‌స్టర్ సంగతే మొదట చూద్దాం. 1996లో వచ్చిన మొదటి తరం, అంటే 986, 2004 దాకా నడిచింది. ఆ తర్వాతది 987. బాడీకి జింకు పూత గట్టిగా ఉంటుంది కాబట్టి తుప్పు బెడద తక్కువ. చూడ్డానికి ఇరవై ఏళ్ల కారులా ఉండదు, అదే ఉచ్చు. పెద్ద ఖర్చు ఇంజన్ లోపల ఉంటుంది. 2008 దాకా వచ్చిన ఇంజన్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) నుంచి వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లకు కదలిక అందించడానికి మధ్యలో ఇంకో షాఫ్ట్ ఉంటుంది. అది ఒక చివర సీల్ చేసిన బేరింగ్ మీద తిరుగుతుంది. దీన్నే అందరూ ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ అంటారు. బేరింగ్ లోపలి గ్రీజు కాలక్రమేణా పోతుంది, లోపలి ఉక్కు గుండ్లు అరుగుతాయి, ఒకరోజు బేరింగ్ విరుగుతుంది. అప్పుడు వాల్వుల టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. అంతటితో ఇంజన్ కథ ముగిసినట్టే.

ప్రతి కారుకూ ఇలా జరగదు, చాలా కార్లు ఏ గొడవా లేకుండా తిరుగుతున్నాయి. మొదట్లో వాడిన రెండు వరసల బేరింగ్ కాస్త గట్టిది. 2000 ప్రాంతంలో మొదలైన ఒంటి వరస బేరింగుకే చెడ్డపేరు ఎక్కువ. 2006 నుంచి 2008 వరకు పెద్ద సైజు బేరింగ్ పెట్టారు. అది చెడిపోవడం అరుదు, కానీ మార్చాలంటే ఇంజన్ మొత్తం విప్పాలి. 2009 నుంచి వచ్చిన ఇంజన్లలో అసలు ఆ షాఫ్టే లేదు. బాక్స్‌స్టరే కావాలని పట్టుబట్టేవాళ్లకు నేను చెప్పేది కూడా అదే: 2009 లేదా ఆ తర్వాతది వెతుక్కోండి. అంత బడ్జెట్ లేకపోతే బేరింగ్ ఇదివరకే మార్చినట్టు బిల్లు ఉన్న కారు చూసుకోండి. "మార్చామండీ" అన్న మాట చాలదు. తేదీ, అప్పటి రీడింగ్, వేసిన పార్టు పేరు కాగితం మీద కనబడాలి. క్లచ్ మార్చినప్పుడు గేర్‌బాక్స్ ఎలాగూ దిగుతుంది, తెలివైన ఓనరు అప్పుడే బేరింగూ దాని పక్కనున్న ఆయిల్ సీలూ మార్పించేస్తాడు. క్లచ్ కొత్తది, బేరింగ్ పాతది అన్నారంటే ఆ ఓనరు ఎలాంటివాడో అర్థమైపోతుంది.

ముందే కనిపెట్టే మార్గం లేదా అంటే ఒకటుంది. ఆయిల్ ఫిల్టర్ బయటకు తీసి, లోపలి కాగితం మడతలు విప్పి, ఎండలో పట్టుకుని చూడాలి. నల్లటి ఆయిల్ మధ్యలో సన్నటి మెరుపులు కనిపిస్తే వాటి మీద అయస్కాంతం తిప్పాలి. అంటుకుంటే అది ఇనుము, బేరింగ్ నుంచి వచ్చి ఉండొచ్చు. కానీ ఏ అమ్మకందారు తన ఫిల్టర్ విప్పనిస్తాడు? పైగా ఈ కారులో బానెట్ ఎత్తి ఇంజన్ చూసే వీలు కూడా లేదు. ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ, ఇంజన్ మధ్యలో ఎక్కడో కింద. వెనక డిక్కీలో ఆయిల్, కూలెంట్ పోసే మూతలు తప్ప ఏమీ కనబడవు. ఖర్చు ఉంది, కంటికి కనబడదు. నా లెక్కలో బాక్స్‌స్టర్ ఇక్కడే ఓడిపోతుంది.

86 దగ్గరికి వస్తే, 2012లో టయోటా, సుబారు కలిసి తెచ్చిన కారు ఇది. సుబారు పేరుతో వచ్చింది బీఆర్‌జెడ్. 2.0 లీటర్ల ఇంజన్, 200 హార్స్‌పవర్, బరువు 1,250 కిలోల లోపే. కారు కొత్తదనం వల్ల తుప్పు భయం తక్కువ, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. 3,500 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్య ఇంజన్ కాస్త నీరసపడుతుంది. దాని గురించి జనం అవసరానికి మించి మాట్లాడతారు, ఒక గేరు తగ్గిస్తే సరిపోతుంది. 2012, 2013 నాటి కార్లకు వాల్వ్ స్ప్రింగుల రీకాల్ ఉంది, అంటే లోపం సరిచేయడానికి కంపెనీయే కార్లను వెనక్కి పిలిచింది. ఆ పనికి ఇంజన్ బయటకు తీయాలి. ఆ పని చేసిన చోట సీలెంట్ అజాగ్రత్తగా పూస్తే దాని ముక్కలు ఆయిల్ దారిలో పడి కొత్త తలనొప్పి మొదలైన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి ఛాసిస్ నంబరు కొట్టి రీకాల్ అయిందో లేదో చూసుకోండి, అయి ఉంటే ఆ తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడగండి. బాగా తిరిగిందంటే గండం గడిచినట్టే.

86లో అసలు ఖర్చు దాక్కున్నది పాత ఓనరులో. ఈ కారును డ్రిఫ్టింగ్ (వెనక చక్రాలు పక్కకు జారిస్తూ నడపడం) కోసం, టర్బో బిగించి రేసులకు దిగడం కోసం కొన్నవాళ్లు చాలామంది. అమ్మే ముందు అన్నీ పీకేసి ఒరిజినల్ పార్టులు బిగిస్తారు. బానెట్ కింద స్టాక్‌గానే కనబడుతుంది. బోల్టుల తలల మీద స్పానర్ గీతలు, కొత్తగా మెరిసే క్లాంపులు, వెనక బంపర్ లోపలి అంచుకు అతుక్కుపోయిన రబ్బరు ముక్కలు చూడండి. టైర్లు కాల్చినప్పుడు ఎగిరిన రబ్బరు చక్రం వెనక లోపలి వైపు అలాగే ఉండిపోతుంది, దాన్ని కడగాలని ఎవరికీ తోచదు. అంటే ఇక్కడ ఖర్చు సగం కనబడుతుంది, సగం కనబడదు.

ఇక మియాటా. అసలు పేరు మాజ్దా ఎంఎక్స్-5, 1989 నుంచి నాలుగు తరాలు వచ్చాయి, 2016లో పది లక్షల కార్ల మైలురాయి దాటింది. ఆ లెక్కకు అర్థం, పాత కార్ల నుంచి ఊడదీసిన పార్టులకూ, దీని గురించి తెలిసిన మెకానిక్‌లకూ కొదవ లేదని. ఇంజన్ మీద నాకు భయం లేదు. 1989 నుంచి 1991 మధ్య వచ్చిన తొలి కార్లలో క్రాంక్ ముక్కు దగ్గర బలహీనత ఉంది, దాన్ని పక్కన పెడితే పాత 1.6 ఇంజన్ టైమింగ్ బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. కొత్త బెల్ట్ వేసుకుని వెళ్లిపోవచ్చు. పక్కన ఐఎంఎస్ కథ పెట్టుకుని ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

దీని శత్రువు తుప్పు. అది ఎక్కడ పడుతుందో కూడా కచ్చితంగా తెలుసు: తలుపు కింద పొడుగునా ఉండే సిల్ భాగంలో, వెనక చక్రానికి కాస్త ముందు. మడిచే గుడ్డ టాప్ మీద పడ్డ వాన నీళ్లు సన్నటి గొట్టాల గుండా కిందికి దిగి అక్కడే బయటకు పోవాలి. గొట్టాల్లో ఆకులు, మట్టి ఇరుక్కుంటే నీళ్లు సిల్ లోపలే నిలుస్తాయి. తుప్పు రేకును లోపలి నుంచి తినేస్తుంది, బయట పెయింట్ ఉబ్బేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. చలిదేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, అక్కడ తిరిగిన కారైతే మరీను.

చూసే పద్ధతి చెబుతాను, మోకాళ్ల మీద కూర్చోవడానికి సిగ్గుపడకండి. వెనక చక్రం ముందు సిల్ అడుగంచు దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కండి. మంచి రేకు అస్సలు లొంగదు, చెడిపోయింది కరకరమంటుంది. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో తలుపు మొదలు నుంచి చక్రం దాకా తడుతూ రండి. ఖంగుమనే మోత ఉన్నట్టుండి మొద్దుబారిందంటే అక్కడ పుట్టీ ఉంది. అనుమానం ఉంటే చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ఆనించండి, పుట్టీ మీద నిలవదు. చివరగా ఒక సీసా నీళ్లు టాప్ అంచున, సీటు వెనక వైపు పోయండి. కొద్దిసేపట్లో కింద చక్రం ముందు ధారగా పడాలి. పడకపోతే "ఎక్కడా తుప్పు లేదండీ" అన్న ఓనరు మాటకు ఎంత విలువివ్వాలో మీకే తెలుస్తుంది. 1998 నుంచి 2005 వరకు వచ్చిన రెండో తరంలో ఇంకో చోటు కూడా చూడాలి. ముందు భాగంలో ఇంజన్‌కు రెండు పక్కలా పోయే ఛాసిస్ రెయిళ్లు రెండు పొరలవి, మధ్యలో తుప్పు పడుతుంది. ఆ వెల్డింగ్ ఖర్చు సిల్ ఖర్చు కన్నా ఎక్కువ. రెయిళ్లు పోయిన కారు ఊరికే ఇచ్చినా వద్దు.

ఇదంతా ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవర్, ఒక చిన్న అయస్కాంతం, ఒక సీసా నీళ్లతో అయ్యే పని. ఏదీ విప్పక్కర్లేదు. తక్కువ బడ్జెట్ వాడికి ఇంతకన్నా ఏం కావాలి? కాబట్టి నా జవాబు మియాటా.

ఏ తరం అంటే, నేనైతే 2005లో మొదలైన మూడో తరం వైపే చూస్తాను. మొదటి తరానికి పైకి లేచే లైట్ల మోజు వల్ల ధరలు పెరిగిపోయాయి. నాలుగోది అన్నిటికన్నా బాగుంటుంది, బడ్జెట్ సరిపోతే అదే కొనండి, కాకపోతే మొదట్లో వచ్చిన 2.0 కార్ల గేర్‌బాక్స్ బలహీనం. మూడో తరాన్ని "లావెక్కింది" అని అభిమానులే ఆడిపోసుకున్నారు, అందుకే ఇప్పటికీ అందుబాటులో ఉంది. బరువు 1,100 కిలోల చుట్టుపక్కలే, దీన్ని లావు అనడం అన్యాయం. టైమింగ్ బెల్టుకు బదులు చైను, పొడుగువాళ్లకూ సరిపోయే సీటు. 2009 మార్పుల తర్వాత 2.0 ఇంజన్‌కు ఫోర్జ్‌డ్ క్రాంక్ వచ్చింది, 7,500 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. ఆయిల్ కాస్త తాగే రకం కాబట్టి డిప్‌స్టిక్ చూసే అలవాటు లేనివాడి దగ్గర కొనకండి.

మిగతావి త్వరగా. హోండా ఎస్2000 ఒకప్పుడు ఈ ప్రశ్నకు సరైన జవాబు, ఇప్పుడు దాచుకునేవాళ్ల చేతుల్లోకి పోయింది. నిస్సాన్ 350జెడ్‌లో 3.5 లీటర్ల వీ6 ఉంది, తిన్నగా పోవడమే ఇష్టమైతే బాగుంటుంది, 2005-06 నాటి కొన్ని ఇంజన్లు ఆయిల్ తాగేస్తాయి. మాజ్దా ఆర్‌ఎక్స్-8 రోటరీ (పిస్టన్లు లేని) ఇంజన్‌కు కంప్రెషన్ పరీక్ష ప్రత్యేక మీటరుతో చేయాలి, అది చేయించనివ్వని కారు దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. మొదటి తరం ఆడీ టీటీ అంటే అందమైన బాడీ తొడిగిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫే. టయోటా ఎంఆర్2 స్పైడర్ బాగుంటుంది, కానీ బ్యాగు ఎక్కడ పెడతారు?

మూడింటిలో ఏది చూడ్డానికి వెళ్లినా ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే చెప్పండి. వెళ్లగానే మాటల్లో పడకుండా సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉందంటే చల్లటి ఇంజన్ చేసే చప్పుడు మీకు వినిపించడం ఓనరుకు ఇష్టం లేదు. నాలుగు టైర్లూ నాలుగు కంపెనీలవైతే ఆయన మిగతా చోట్ల కూడా అలాగే సరిపెట్టుకుని ఉంటాడు. మీ దగ్గర ఉన్న డబ్బులో నాలుగో వంతు పక్కన పెట్టి, మిగతా దానికే కారు వెతకండి. టైర్లు, బ్రేకులు, ఆయిళ్లు అన్నీ మొదటి ఏడాదే అడుగుతాయి.

చిన్న పిల్లలున్నవాళ్లకు మాత్రం నా జవాబు 86. వెనక సీట్లు పేరుకే ఉన్నా పిల్లల సీటు ఒకటి ఎలాగోలా పడుతుంది, సీటు మడిస్తే నాలుగు చక్రాలు పట్టేంత జాగా వస్తుంది. మియాటా, బాక్స్‌స్టర్‌లలో ఇద్దరు ఎక్కితే నిండిపోయినట్టే.