హో వర్షారణ్యానికి ఎండ కాసే రోజున వెళ్లకండి

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు ఒలింపిక్ నేషనల్ పార్కుకు ప్రయాణం పెట్టుకున్నప్పుడు ముందుగా చూసేది వాతావరణ సూచన. వాన లేని వారాంతం దొరికితే తప్ప కారు బయటికి తీయరు. హరికేన్ రిడ్జ్ కొండకు, రూబీ బీచ్ తీరానికి ఆ జాగ్రత్త సరైనదే. అదే పార్కులో పడమటి వైపున్న హో వర్షారణ్యానికి మాత్రం ఆ లెక్క తిరగబడుతుంది. మేము అక్కడికి రెండుసార్లు వెళ్లాము: మొదటిసారి ఆగస్టులో, మబ్బు తునక లేని ఆకాశం కింద, రెండోసారి మే నెలాఖరున, పొద్దుటి నుంచి విడవకుండా పడుతున్న సన్నటి జల్లులో. రెండుసార్లూ నడిచింది ఒకే బాట, వెంట ఉన్నది అదే పిల్లలు. అయినా మొదటిసారి సగం అడవే చూసి వచ్చామని రెండోసారి గాని తెలియలేదు.

ఇక్కడ చూడవలసినది ప్రధానంగా నాచు. నేలలోంచి నీరు పీల్చే వేర్లు నాచుకు ఉండవు. ఆకుల మీద పడిన తడినే అది తాగుతుంది, తడి లేనప్పుడు ముడుచుకుని, రంగు తగ్గి, మళ్లీ వాన వచ్చేదాకా అలాగే కాచుకుని ఉంటుంది. ఆగస్టులో కొమ్మల నుంచి వేలాడే జడలన్నీ పాత కొబ్బరిపీచు రంగులో ఉన్నాయి. ఫోటోల్లో చూసిన అడవి ఇదేనా అని మా పెద్దమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. మేలో అవే జడలు నీళ్లు నిండి బరువెక్కి, నారుమడి పచ్చదనానికి తిరిగాయి. పసిఫిక్ సముద్రం మీది నుంచి వచ్చే తేమగాలి ఒలింపిక్ పర్వతాలకు తగిలి, పైకి లేచి, చల్లబడి, మోసుకొచ్చిన నీటిని పడమటి లోయల్లో కుమ్మరించడం వల్ల ఇక్కడ ఏడాదికి సగటున 140 అంగుళాల వర్షం పడుతుంది. హైదరాబాదు వర్షపాతానికి అది నాలుగు రెట్ల పైమాటే. అయితే అందులో ఎక్కువ భాగం చలికాలంలోనే పడి, జూలై, ఆగస్టు నెలలు పొడిగా గడుస్తాయి. బడి సెలవులు సరిగ్గా ఆ రెండు నెలల్లోనే రావడం మన ఖర్మ.

ఈ అడవికి పేరు తెచ్చిన బాట హాల్ ఆఫ్ మాసెస్. విజిటర్ సెంటర్ దగ్గర మొదలై చుట్టు తిరిగి వచ్చే ఈ బాట పొడవు 0.8 మైలు మాత్రమే. మొదట్లో ఒక చిన్న ఎక్కుడు తప్ప మిగతాదంతా దాదాపు చదును. చాలామంది దీన్ని అరగంటలో ముగించి, నాలుగు గంటలు కారు నడిపి వచ్చింది ఇంతమాత్రానికా అని పెదవి విరుస్తారు. ఈసారి మాకు రెండుంబావు గంటలు పట్టింది, అదీ మా అయిదేళ్ల చిన్నవాడి పుణ్యమా అని. బాట మొదట్లోనే టాఫ్ట్ క్రీక్ అనే వాగు దాటాలి. ఊటనీటి వాగు కనుక, అడుగున ఊగే మొక్కల ఆకులను లెక్కపెట్టగలిగేంత తేటగా ఉంటుంది. వాడు అక్కడే పావుగంట వంగి కూర్చున్నాడు. ఎక్కుడు దాటాక, బాట పక్కన ఫెర్ను ఆకు మీద, అరటిపండు రంగులో, నా అరచేయంత పొడవున గుల్ల లేని నత్త ఒకటి కనిపించింది. దీన్ని బనానా స్లగ్ అంటారు. తలమీది నాలుగు కొమ్ముల్లో పొడవాటి రెండింటి చివర కళ్లుంటాయని, కుడిపక్కన తెరుచుకుని మూసుకునే రంధ్రం ఊపిరి పీల్చుకోవడానికేనని పెద్దమ్మాయి తమ్ముడికి వివరిస్తుంటే, అది ఆకు కొస నుంచి కాడ దాకా ప్రయాణం చేసేంతవరకు అయిదుగురమూ వానలో కదలకుండా నిలబడ్డాము.

ఈ బాటలో నా మనసు పట్టినవి పడిపోయిన చెట్లు. ఇక్కడి సిట్కా స్ప్రూస్ చెట్లలో కొన్ని 250 అడుగులు దాటి పెరుగుతాయి, అంటే పాతిక అంతస్తుల భవనమంత ఎత్తు. అటువంటి మాను ఒకటి కూలితే నేలలో కలిసిపోవడానికి వందల ఏళ్లు పడుతుంది. అడవి నేలంతా నాచు, ఫెర్నులు కిక్కిరిసి ఉండటంతో కింద రాలిన గింజకు నిలదొక్కుకునే చోటు దొరకదు కనుక, కొత్త మొక్కలు ఎక్కువగా ఆ కూలిన మాను మీదే మొలుస్తాయి. అందుకే దాన్ని నర్స్ లాగ్ అంటారు. మన మాటల్లో దాది దుంగ అనుకోవచ్చు. దుంగ మీద మొలిచిన హెమ్‌లాక్ మొక్కలు దాని రెండు పక్కల నుంచి వేళ్లను నేలకు దించుకుంటాయి, కాలం గడిచి దుంగ పుచ్చి మాయమైపోయినా ఆ వేళ్లు అలాగే గొంతుక్కూర్చున్న మనిషి కాళ్లలా మిగిలిపోతాయి. దట్టమైన అడవిలో ఎవరో తాడు పట్టి నాటినట్టు చెట్లు ఒకే వరుసలో కనిపించాయంటే, ఆ వరుస కింద ఒకప్పుడు ఒక దుంగ ఉండేదన్నమాట. ఈ సంగతి ముందుగా చెబితే పిల్లలు బాట పొడుగునా అటువంటి వరుసలు వెతుక్కుంటూ నడుస్తారు. ఎత్తుకోమనే ఊసే రాదు.

ప్రధాన బాట నుంచి పక్కకు చీలే కొద్దిపాటి దారి మేపుల్ గ్రోవ్ అనే తోపుకు తీసుకెళుతుంది. తొందరలో దీన్ని వదిలేస్తే ప్రయాణమే వృథా. పెద్దాకుల మేపుల్ చెట్ల కొమ్మలకు ఇక్కడ వేలాడే పొడవాటి జడల్లో చాలా భాగం నిజానికి నాచు కాదు, సెలాజినెల్లా అనే వేరే జాతి మొక్క. ఈ జడలు చెట్టు రసం పీల్చవు. వానలోను, గాలిలోను వచ్చే పోషకాలతోనే బతుకుతాయి. పైగా ఏళ్ల తరబడి అవి రాలి, కుళ్లి, కొమ్మల మీదే మట్టి పొరగా పేరుకుంటే, చెట్టే తన కొమ్మల నుంచి ఆ మట్టిలోకి వేళ్లు దించుకుని ఆహారం తీసుకుంటుందని నళినీ నాడ్కర్ణి అనే శాస్త్రవేత్త ఇదే ఒలింపిక్ అడవుల్లో, తాళ్ల సాయంతో చెట్లెక్కి కనిపెట్టి, 1981లో ప్రకటించారు. ఆమె తండ్రి భారతీయుడు. ఆడపిల్లలున్నవారు ఈ తోపులో నిలబడి ఈ మాట చెప్పడం మరవకండి.

మా అమ్మ మాత్రం వీటన్నిటినీ కాసేపు పరకాయించి, "ఇంత పాచి మన రేవు మెట్ల మీద పట్టి ఉంటే ఎవరో ఒకరి నడుం విరిగి ఉండేది కదే" అంది. నాచు అనో పాచి అనో మనం పిలిచేదంతా మన ఊళ్లలో గీకి పారేయవలసినదే. పాచి అన్న మాటకే కడగనిదన్న అర్థం అంటుకుంది. అటువంటి దాన్ని చూడటానికి కారుకు 30 డాలర్లు కట్టడమేమిటన్న ఆమె సందేహం పూర్తిగా తీరలేదు. ఆ టికెట్టు ఏడు రోజులపాటు పార్కు మొత్తానికి చెల్లుతుందన్నాక కొంత శాంతించింది.

అరవై ఆరేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పితో, ఊతకర్ర పట్టుకుని ఆమె ఈ బాట పూర్తి చేసింది కనుక పెద్దవారికి ఇబ్బంది ఉండదనే చెబుతాను. అయితే చెట్ల వేర్లు పైకి తేలిన చోట్ల చెయ్యి అందించే మనిషి పక్కన ఉండాలి. పసిపిల్లల బండి తీసుకెళ్లకండి, చంకకు కట్టుకునే సంచీ మేలు. చక్రాల కుర్చీ వాడేవారికి విజిటర్ సెంటర్ పక్కన చదును చేసిన చిన్న బాట ఉంది. ఇంకా ఓపిక ఉంటే 1.2 మైళ్ల స్ప్రూస్ నేచర్ ట్రయల్ మీద హో నది ఒడ్డుకు వెళ్లవచ్చు. ఒలింపస్ పర్వతపు హిమానీనదాలు రాతిని అరగదీసిన పిండి కలవడం వల్ల నీరు పలచటి మజ్జిగలా ఉంటుంది. రద్దీ ఇక్కడ తక్కువ. రూజ్‌వెల్ట్ ఎల్క్ అనే పెద్ద దుప్పుల మందలు ఈ లోయలోనే తిరుగుతాయి. వాటి రక్షణ కోసమే 1909లో ఈ ప్రాంతాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు, 1938లో అది నేషనల్ పార్కు అయింది. కనిపిస్తే 50 గజాల దూరం పాటించాలన్నది నిబంధన. ఫోటో కోసం పిల్లలను ముందుకు తోసే నాన్నలు ఒకరిద్దరు నాకు కనబడకపోలేదు.

ఇబ్బందులూ తక్కువేమీ కాదు. హైవే 101 నుంచి లోపలికి 18 మైళ్ల రోడ్డు ఒక్కటే దారి. 2024 డిసెంబరు వరదకు అది ఒకచోట కొట్టుకుపోయి, 2025 మే నెల దాకా అడవికి వెళ్లే మార్గమే లేకుండా పోయింది. అందువల్ల బయలుదేరే ముందు రోడ్డు స్థితి చూసుకోవడం తప్పనిసరి. వేసవిలో పొద్దున పది దాటితే పార్కింగు నిండిపోయి, ఒక కారు బయటికి వస్తేనే మరొకటి లోపలికి వదులుతారు. ఆగస్టులో మేము ఆ వరుసలో గంటన్నర కూర్చున్నాము. మేలో ఫోర్క్స్ ఊళ్లో రాత్రి బస చేసి, ఎనిమిదిన్నరకల్లా చేరితే వరుసే లేదు. ఆ బసలో హీటరు పనిచేయక తడి బట్టలు ఆరలేదు. అటువంటి చోట్ల గది తీసుకునే ముందు బట్టలారబెట్టే యంత్రం ఉందో లేదో అడగడం మంచిది. అడవిలో ఫోను సిగ్నలు ఉండదు, తినడానికి ఏమీ దొరకదు. మేము పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లి కారులోనే తిన్నాము, ఎందుకంటే వానలో బయటి బల్లల మీద కూర్చునే ప్రశ్నే లేదు.

గొడుగులు చెట్ల కింద ఇరుకు బాటలో ఎదుటివారి కళ్లకు తగులుతాయి కనుక, తల కప్పే వానకోట్లు అందరికీ కొనండి. బూట్లు తడవనివైతే చాలు, ఖరీదైన హైకింగు బూట్లు అక్కర్లేదు. మేజోళ్లు మాత్రం మనిషికి రెండు జతలు అదనంగా పెట్టుకోండి. మా చిన్నవాడు మూడు జతలు తడిపి, తిరుగు ప్రయాణంలో అమ్మమ్మ శాలువా పాదాలకు చుట్టుకుని నిద్రపోయాడు.