గ్రంథాలయంలో కృత్రిమ మేధ: పుస్తకం వెతకడానికా, పాఠకుడికి సలహా చెప్పడానికా?

చెన్నైలో 1896లో తెరుచుకున్న కన్నెమరా గ్రంథాలయం, 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతిని అందుకునే నాలుగు గ్రంథాలయాలలో ఒకటి. అంతటి రాశిలో మనకు కావలసిన తెలుగు పుస్తకాన్ని పట్టుకోవడం తేలిక కాదు. ఇలాంటి చోట కృత్రిమ మేధను రెండు తీరుల వాడవచ్చు: సభ్యుడు ఇదివరకు తీసుకువెళ్లినవి గుర్తుపెట్టుకుని తర్వాతి పుస్తకం సూచించడానికి, లేదా అడిగిందెవరో పట్టించుకోకుండా కేటలాగు మాత్రమే గాలించడానికి.

మొదటిదానిని కోరేవారు, పాఠకుడి కాలాన్ని ఆదా చేయమని మద్రాసులోనే పనిచేసిన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన సూత్రాన్ని ముందుకు తెస్తారు. సూత్రం మంచిదే. అయితే విడాకుల చట్టం మీద పుస్తకం తీసుకున్న ఒకామె, కొడుకును వెంటబెట్టుకుని మళ్లీ వచ్చినప్పుడు, తెర మీద అలాంటివే మరో నాలుగు కనబడితే ఏం కావాలి? పాత ఇష్యూ రిజిస్టరులోనూ ఆ వివరం ఉండేది గానీ, దాన్నిబట్టి ఆమె ఎలాంటి మనిషో ఎవరూ లెక్కగట్టేవారు కాదు. పిల్లల విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, 18 ఏళ్లలోపువారి ప్రవర్తనను కనిపెట్టి ఉండడాన్ని, కొన్ని మినహాయింపులతో, నిషేధించే నిబంధన ఉంది. పైగా ఎక్కువమంది చదివినవాటినే ముందుకు తోసే యంత్రానికి, ఈ ఊళ్లో తక్కువమంది చదివే తెలుగు పుస్తకం ఎప్పటికీ అడుగునే ఉంటుంది.

రెండో పద్ధతీ తప్పులు చేస్తుంది. ఉచ్చారణ గుర్తులు లేకుండా రోమన్ లిపిలో ఎక్కించిన జాబితాలో ‘కల’, ‘కళ’, ‘కాల’ ఒక్కటైపోతాయి, పాత అచ్చును చదివేటప్పుడు యంత్రం ‘మ’ను ‘వు’గా పొరబడుతుంది, ఒక్కోసారి లేని పుస్తకానికి పేరు కూడా కల్పిస్తుంది. కానీ ఆ తప్పు రాక్ దగ్గరే బయటపడుతుంది: పుస్తకానికి నంబరు ఉండాలి, ఆ నంబరు చోట పుస్తకం ఉండాలి. సలహాకు అలాంటి పరీక్ష లేదు. మనకు చూపించకుండా వదిలేసిన పుస్తకమేదో మనకు తెలిసే దారే లేదు. నాకు రెండోదే మేలనిపించడానికి అసలు కారణం ఇదే.

అయితే రెండు షరతులు. వెతికిన మాటలను పాఠకుడి సభ్యత్వ సంఖ్యతో కలిపి దాచకూడదు. యంత్రం తయారుచేసిన తెలుగు జాబితాను, తెలుగు చదవడం వచ్చిన ఉద్యోగి ఒకరు, ఆ పనికే కేటాయించిన వేళల్లో, అసలు పుస్తకం ముందు పెట్టుకుని సరిచూడాలి.