కిక్కు దిగితే ఇంజిన్ తిరిగినట్లు కాదు: పాత బుల్లెట్ కొనేవారికి హెచ్చరిక

నిన్న సాయంత్రం విజయవాడ ఆటోనగర్‌లో నా పాత బుల్లెట్ ఇంజిన్ హెడ్డు (సిలిండర్ పైమూత) విప్పించి చూసి వచ్చాను. చేతికంటిన నూనె ఇంకా వదలలేదు, కోపమూ వదలలేదు. పాత బుల్లెట్ల వీడియోలు పెట్టి అమ్మే ఆ పెద్దమనిషిని ఇది చదివేవారిలో చాలామంది ఎరిగే ఉంటారు కనుక పేరు రాయను. అతని దగ్గర 1986 నాటి పోతఇనుప ఇంజిన్ బుల్లెట్‌ను 1,15,000 రూపాయలకు కొన్నాను. కాగితాలు సరిగానే ఉన్నాయి, రంగు బాగానే ఉంది, రెండు వారాల క్రితం లారీలో గీత పడకుండా వచ్చింది. సరిగా లేనిది ఇంజిన్ ఒక్కటే.

"పదకొండేళ్లుగా షెడ్డులో ఉన్న బండి అన్నా, ఇంజిన్ ఎన్నడూ విప్పలేదు, నూనెలో ఊరబెట్టి దాచాను" అన్నాడు. ఆవకాయ సంగతి చెప్పినట్లే చెప్పాడు, నేనూ నోరూరుతూ విన్నాను. నమ్మకం కోసం రెండు వీడియోలు పంపాడు. మొదటిదాంట్లో ఇంజిన్ అడుగు బోల్టు విప్పి, ధారగా కారుతున్న నూనెను చూపించాడు. బుల్లెట్‌కు నూనె ఉండవలసిన చోటు ఇంజిన్‌లోనే వెనకవైపున్న ట్యాంకు అనీ, బండి ఏళ్లతరబడి కదలకుండా ఉంటే ఆ నూనె పంపు సందుల్లోంచి మెల్లగా జారి క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) కిందకు చేరుతుందనీ, అడుగున ఎంత నూనె నిలిచినా పైన సిలిండర్ గోడకు ఒక్క చుక్కా అంటదనీ నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా ఆ ధారను చూసి మురిసిపోయాను.

రెండో వీడియోలో కిక్కర్ దిగుతోంది. మోకాలి కింద కాలు తప్ప మరేమీ కనబడదు. వెన్నలో కత్తి దిగినట్లు నాలుగుసార్లు దిగింది. దాన్ని ఇరవైసార్లయినా చూసి ఉంటాను, ఇంట్లోవాళ్లకూ చూపించాను. మా నాన్నగారి బుల్లెట్ మీద కిక్కు నేర్చుకున్నవాణ్ణి నేను. అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కర్‌ను మెల్లగా నొక్కి, సిలిండర్‌లోని గాలి ఒత్తిడిని వదిలే డికంప్రెషర్ లాగి, కాస్త దాటించి, అప్పుడు తన్నకపోతే అది వెనక్కి తన్నుతుందని చీలమండ వాచి మరీ తెలుసుకున్నాను. 346 సీసీ ఒంటి సిలిండర్ ఇంజిన్, ప్లగ్గు బిగించి ఉండగా, వెన్నలా ఎలా దిగుతుందని ఆ ఇరవైసార్లలో ఒక్కసారి కూడా నాకు తోచలేదంటే తప్పు నాది కూడా.

బండి చేరాక ఇంటి దగ్గరా అలాగే దిగింది. ప్లగ్గు విప్పి రంధ్రం మీద వేలు పెడితే గాలి తన్నడం లేదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయేమో అనుకొని మేస్త్రి దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన కిక్కర్‌ను ముట్టుకోనే లేదు, క్లచ్ లివర్‌ను వేలితో కదిపి చూశాడు. లివర్‌కు రవ్వంతైనా ప్లే, అంటే ఊరికే ఆడే వదులు, లేదు. కేబుల్‌ను ఎంత బిర్రుగా లాగి బిగించారంటే, లివర్ పట్టుకోకపోయినా క్లచ్ ప్లేట్లు ఎప్పుడూ విడిపోయే ఉన్నాయి. ఈ బండిలో కిక్కు బలం గేర్‌బాక్సు మీదుగా క్లచ్ దాటి క్రాంకుకు చేరాలి. ప్లేట్లు విడిపోయి ఉంటే కాలు ఎన్నిసార్లు దిగినా తిరిగేది గేర్‌బాక్సులోని షాఫ్టు మాత్రమే. కేబుల్ వదులు చేయగానే కిక్కర్ రాయిలా నిలబడింది. దాని మీదకు ఎక్కి తన్నబోతే మేస్త్రి నా భుజం పట్టి ఆపాడు. పట్టేసిన ఇంజిన్‌ను తన్నితే కిక్కర్ పళ్లు ఊడతాయే గాని పిస్టన్ కదలదన్నాడు.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను. డబ్బు పడేవరకు "అన్నా" అని పిలిచినవాడు, డబ్బు పడిన నాడు "సార్" అన్నవాడు, ఆ రోజు "ఎవరండీ?" అన్నాడు. ఇంజిన్ పట్టేసి ఉందని చెప్పాను. ఒక నిమిషం ఆగి, ఎంతో నిదానంగా, "నేను కిక్కు దిగుతుందన్నాను గాని ఇంజిన్ తిరుగుతుందని ఎప్పుడన్నానండీ? మన మెసేజులు ఒకసారి చూసుకోండి" అన్నాడు. చూసుకున్నాను. నిజమే, అతను ఎక్కడా ఆ మాట అనలేదు. "కిక్కు సాఫీగా ఉంది", "నూనె నిండుగా ఉంది", "బండి చూస్తే మీకే తెలుస్తుంది" అన్నాడు. ఒక్క అబద్ధం కూడా రాయకుండా లక్ష రూపాయల పైచిలుకు మోసం చేయగలగడం విద్యే మరి. మోసపోయినదానికంటే, ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో వినబడిన నవ్వు నన్ను ఎక్కువ బాధించింది.

తర్వాతి పది రోజులు మేస్త్రి ఓపికకే చెందుతాయి. పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్ర నూనెనూ అసిటోన్‌నూ సమపాళ్లలో కలిపి, మంటకు దూరంగా ఉంచి, ప్లగ్గు రంధ్రంలోంచి పిస్టన్ మీద పోశాడు. మట్టం తగ్గినప్పుడల్లా మళ్లీ పోశాడు, తగ్గుతోందంటే రింగుల సందుల్లోకి దిగుతోందన్నమాట. ఆ తర్వాత టాప్ గేర్‌లో వేసి, వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపించాడు. చిన్న గేర్‌లో ఊపితే చక్రం నుంచి క్రాంకుకు చాలినంత బలం అందదట. పదో రోజున జొన్నగింజంత కదిలింది, మధ్యాహ్నానికి పూర్తిగా తిరిగింది, అయితే గరగరమంటూ తిరిగింది. అందుకే నిన్న హెడ్డు విప్పాము.

ఎన్నడూ విప్పని ఇంజిన్‌కు హెడ్ ప్యాకింగ్ కొత్తది ఉంది. దాని కింద పిస్టన్ తల మీద సుత్తి దెబ్బలు, ఒక అంచున ఉలి నాటిన గుర్తు. అంటే పట్టేసిందని అతనికి ముందే తెలుసు, విప్పాడు, మోదాడు, కదలకపోతే కొత్త ప్యాకింగ్ వేసి మూసి, క్లచ్ కేబుల్ బిగించి వీడియో తీశాడు. పది రోజుల ఓపికతో కదిలినదానికి అతను చేసిన వైద్యం సుత్తి. పై రింగు రెండు ముక్కలయింది. సిలిండర్ నడుమ, పిస్టన్ ఇన్నేళ్లు ఆగి ఉన్నచోట, తుప్పు వలయంలా తినేసింది. 70 మిల్లీమీటర్ల ఆ బోరును (సిలిండర్ లోపలి రంధ్రాన్ని) ఇప్పుడు పెద్దది చేయించి కొత్త పిస్టన్ వేయక తప్పదు. ఆ దెబ్బలకు కనెక్టింగ్ రాడ్ వంగిందో లేదో కొలిచి చూస్తే గాని తెలియదు.

నిజంగా దాచదలచుకున్నవాడికి ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు. వాడిన నూనె తీసి కొత్తది పోసి, ట్యాంకులోనూ కార్బురేటర్‌లోనూ పెట్రోలు ఖాళీ చేసి, ప్లగ్గు రంధ్రంలో రెండు చెంచాల నూనె వేసి ఇంజిన్‌ను చేత్తో తిప్పి, రెండు వాల్వులూ మూసుకొనే కంప్రెషన్ దగ్గర పిస్టన్‌ను నిలిపి, సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కితే సరిపోయేది. అతని షెడ్డు సముద్రపు గాలి తగిలేచోట ఉంది, సైలెన్సర్ మూతి తెరిచే ఉంది.

కొనేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. క్లచ్ లివర్‌కు ప్లే ఉందో లేదో ముందు చూడండి. ప్లగ్గు విప్పించి, రంధ్రంలో సన్నని స్ట్రా పెట్టి, కిక్కర్ కదిపినప్పుడు అది పైకీ కిందకీ ఆడితేనే డబ్బు మాట ఎత్తండి. దూరాన ఉంటే ఎవరినైనా పంపండి, వీడియో చూసి కొనకండి.

పిస్టన్ తల ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, అతనితో బేరంలో ఉన్నవారు అడిగితే పంపుతాను. ఈ ఉదయం అతను మరో బండి వీడియో పెట్టాడు. అందులోనూ మోకాలి కింద కాలే కనబడుతోంది.