రాగి ఆక్సైడ్ అతివాహకాలకు ఏ ఒత్తిడి మేలు?

1986లో శాస్త్రవేత్తలు బెడ్నార్జ్, ముల్లర్ లాంథనం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడులో 30 కెల్విన్ల పరిసరాల్లో అతివాహకతను, అంటే నిరోధం లేకుండా విద్యుత్తు ప్రవహించే గుణాన్ని, గుర్తించిన కొద్ది నెలలకే, హ్యూస్టన్‌లో పాల్ చూ బృందం ఆ పదార్థాన్ని ఒత్తిడికి గురిచేసింది. సందిగ్ధ ఉష్ణోగ్రత, అంటే ఏ ఉష్ణోగ్రతకు దిగువన పదార్థం అతివాహకమవుతుందో అది, 40 కెల్విన్లను దాటింది. అప్పటి నుంచి ఈ పదార్థాలను నొక్కడానికి ప్రధానంగా మూడు మార్గాలు వాడుకలో ఉన్నాయి: అన్ని వైపుల నుంచీ సమానంగా బాహ్య పీడనం పెట్టడం, పెద్ద అయాన్ల స్థానంలో చిన్నవాటిని చేర్చి స్ఫటికాన్ని లోపలి నుంచే కుదించడం, ఒకే దిశలో లేదా ఒకే తలంలో నొక్కడం.

రికార్డు కావాలంటే మొదటి మార్గానికి పోటీ లేదు. సాధారణ పీడనంలో 134 కెల్విన్ల వద్ద అతివాహకమయ్యే, పాదరసం కలిగిన మూడు పొరల ఆక్సైడు, 1994 నాటి ప్రయోగంలో సుమారు 30 గిగాపాస్కల్, అంటే దాదాపు మూడు లక్షల వాతావరణాల పీడనం కింద 164 కెల్విన్లను అందుకుంది. అయితే ఆ పెరుగుదలకు కారణమేమిటని అడిగితే ఈ పద్ధతి సూటిగా జవాబు చెప్పదు. పీడనం పెరిగేకొద్దీ పరమాణువుల మధ్య దూరాలు తగ్గడమే కాక, పక్క పొరల నుంచి, అతివాహకతకు నెలవైన రాగి-ఆక్సిజన్ పొరల్లోకి రంధ్రాలు, అంటే ధనావేశ వాహకాలు, చేరుతాయి. వాహకాలు తక్కువగా ఉన్న నమూనాకు అది లాభం, ఇప్పటికే ఎక్కువైన దానికి నష్టం. ఇట్రియం-బేరియం-రాగి ఆక్సైడులో మరో చిక్కు కూడా ఉంది: గది ఉష్ణోగ్రత వద్ద పీడనం పెడితే స్ఫటికంలోని రాగి-ఆక్సిజన్ గొలుసుల్లో ఆక్సిజన్ కొత్తగా సర్దుకుంటుంది కాబట్టి, అదే నమూనాను బాగా చల్లబరచిన తరువాత నొక్కితే వచ్చే ఫలితం వేరుగా ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండా ప్రకటించే అంకెలను నేను అంతగా నమ్మను.

రెండో మార్గం ఆచరణలో గొప్ప మేలు చేసింది. పీడనంతో వచ్చిన పెరుగుదలను చూశాకే లాంథనం బదులు చిన్నదైన ఇట్రియాన్ని వాడాలన్న ఆలోచన పుట్టింది. 1987లో 93 కెల్విన్ల అతివాహకం, అంటే పైన చెప్పిన ఇట్రియం-బేరియం-రాగి ఆక్సైడు, దొరికి, 77 కెల్విన్ల ద్రవ నైట్రోజన్‌తోనే పని జరిగే రోజు వచ్చింది. కానీ దొరికినది కుదించిన పాత స్ఫటికం కాదు, వేరే నిర్మాణం. పైగా ఇదే ఇట్రియం ఆక్సైడులో బేరియం స్థానంలో చిన్నదైన స్ట్రాన్షియాన్ని చేరిస్తే స్ఫటికం కుదించుకుపోయినా సందిగ్ధ ఉష్ణోగ్రత తగ్గుతుంది. బయటి పీడనానికీ రసాయన పీడనానికీ ఒకే పేరు పెట్టడం సౌకర్యమే గాని, రెండూ ఒకటి కావు.

అవగాహనకైతే మూడోదే మేలని నా అభిప్రాయం. రాగి-ఆక్సిజన్ తలంలో ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు దిశలను ఎ-అక్షం, బి-అక్షం అంటారు. ఇట్రియం ఆక్సైడు స్ఫటికాన్ని ఎ-అక్షం వెంట నొక్కితే సందిగ్ధ ఉష్ణోగ్రత గిగాపాస్కల్‌కు దాదాపు 2 కెల్విన్లు తగ్గుతుంది, బి-అక్షం వెంట నొక్కితే దాదాపు అంతే పెరుగుతుంది. అన్ని వైపుల నుంచీ నొక్కినప్పుడు ఈ రెండూ చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే వాహకాల సంఖ్య అనుకూలంగా ఉన్న నమూనాలో పీడనం ప్రభావం స్వల్పమని పైకి కనిపిస్తుంది. లాంథనం-స్ట్రాన్షియం-రాగి ఆక్సైడులోనూ దిశే ముఖ్యం. రాగి-ఆక్సిజన్ తలాన్ని కుదిస్తే మేలు, పొరలను ఒకదానికొకటి దగ్గరగా నెడితే కీడు.

1998లో శాస్త్రవేత్త లోకే బృందం ఈ లాంథనం-స్ట్రాన్షియం పదార్థపు పలుచని పొరను, దానికంటే కాస్త ఇరుకైన జాలకం (పరమాణువుల అమరిక) ఉన్న ఆధార స్ఫటికం మీద పెంచి, తలంలో కుదింపునూ నిలువులో సాగుదలనూ ఒకేసారి సాధించింది. ఘనరూపంలో 25 కెల్విన్లున్న సందిగ్ధ ఉష్ణోగ్రత 49 కెల్విన్లకు చేరింది. అధిక పీడన ప్రయోగాల్లోలా నమూనాను వజ్రాల మధ్య బిగించాల్సిన పని లేకుండా, సాధారణ పీడనంలోనే నిలిచే లాభమిది. అయితే పొర పెరిగేటప్పుడు అదనంగా చేరే ఆక్సిజన్‌కూ ఇందులో వాటా ఉందని తరువాతి ప్రయోగాలు సూచించాయి కాబట్టి, మొత్తం ఘనతను కుదింపుకే కట్టబెట్టలేము. విడి స్ఫటికాన్ని ఒకే అక్షం వెంట నొక్కే ప్రయోగంలో ఈ సందేహం తక్కువే గాని, పెళుసైన ఈ పదార్థాలు పెద్ద ఒత్తిడికి ముందే పగులుతాయి.