16 ఎక్స్‌టెన్షన్ల డిజిటల్ ఈపీఏబీఎక్స్: మాట బాగుంది, టోన్లు మార్చుకోవాలి

రాయగడలో ఒక లాడ్జిలో బిగించిన ఈపీఏబీఎక్స్ ఇది, అంటే గదుల ఫోన్లని ఒకదానితో ఒకటీ, బయటి లైన్లతోనూ కలిపే పెట్టె. 4 ట్రంకులు (బయటి లైన్లు), 16 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు). గదికీ గదికీ మాట శుభ్రంగా వినిపిస్తోంది, అందులో వంక లేదు. తేడా అంతా టోన్ల దగ్గరే.

ఇలాంటి పెట్టెలో టోను అంటే మెమరీలో రాసిపెట్టిన అంకెల పట్టిక. సెకనుకు 8000 శాంపిళ్లు (ధ్వని కొలతలు), ఒక్కోటి 8 బిట్లు. మన డయల్ టోను ఉత్త 400 హెర్ట్జ్ కాదు, దాని బలం 25 హెర్ట్జ్ లెక్కన పెరిగి తగ్గుతుంటుంది. ఆ గరగర అందువల్లే. 25 హెర్ట్జ్ ఒక చుట్టుకి 320 శాంపిళ్లు, అందులో 400 హెర్ట్జ్ సరిగ్గా 16 చుట్లు ఇముడుతుంది. కాబట్టి 320 బైట్లను ఆపకుండా తిప్పితే చాలు, అతుకు వినిపించదు. అది ఒక్క టైమ్‌స్లాట్‌లో (పెట్టె లోపలి దారిలో ఒక ధ్వనికి దక్కే వంతులో) పోతుంటే 16 మంది ఒకేసారి రిసీవరెత్తినా అందరికీ అదే సరిపోతుంది. ఎంత చక్కని ఏర్పాటో!

దేశం ఇండియాకి మార్చాక ఇందులో డయల్ టోను బాగానే కుదిరింది. బిజీ టోను మాత్రం మొదలైనప్పుడూ ఆగినప్పుడూ టక్కుమంటోంది. నిజానికి 0.75 సెకన్లంటే 6000 శాంపిళ్లు, 400 హెర్ట్జ్‌కి నిండుగా 300 చుట్లు. సున్నా దగ్గరే తెగాలి. తప్పు నిశ్శబ్దంలో ఉంది. మనం వాడే ఏ-లాలో (ధ్వనిని 8 బిట్లలోకి కుదించే పద్ధతి) సరి బిట్లు తిరగేసి పంపుతారు గనక నిశ్శబ్దానికి కోడు హెక్సాడెసిమల్‌లో డీ5. పాత ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి ప్రోగ్రాము) అక్కడ 00 పెడుతోంది. అంకెల్ని మళ్లీ ధ్వనిగా మార్చే డీకోడరుకి అది నిశ్శబ్దం కాదు, పెద్ద స్థిర వోల్టేజి. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే ఆ టక్కు పోతుంది. అమ్మినవాళ్లని అడిగి ఎక్కించుకోండి.

అసలు ఇబ్బంది ఫ్యాక్టరీ సెట్టింగు. దేశం అమెరికా అని ఉంటుంది. వాళ్ల బిజీ టోను 480, 620 హెర్ట్జ్ కలిపి, అర సెకను మోత, అర సెకను మౌనం. బయటివాళ్లు ఫోను పెట్టేశాక ఎక్సేంజి మన 400 హెర్ట్జ్ టోను పంపినా పెట్టె గుర్తుపట్టదు, ట్రంకు వదలదు. అలా నాలుగూ బిగుసుకుంటే ఏ గది నుంచీ బయటికి కాల్ పోదు. దేశం ఇండియాకి మార్చి, బిజీ గుర్తింపులో 400 హెర్ట్జ్, 750 మిల్లీసెకన్లు మోత, 750 మౌనం, 3 సార్లు అని పెట్టండి. ఒక్కసారికే వదిలేయమంటే మాటల్లో పలికిన స్వరాన్నే టోను అనుకుని లైను తెంపేయొచ్చు. ఎక్సేంజి పోలారిటీ రివర్సల్ (లైను ప్లస్ మైనస్‌లు తారుమారు చేసి ఇచ్చే సంకేతం) ఇస్తుంటే దాన్నే వాడండి, అంతకన్నా నమ్మకమైనది లేదు.

సరిచూడ్డానికి గడియారం చాలు. నిమిషానికి బిజీ టోను 40 సార్లు మోగాలి. 60 వస్తే ఇంకా అమెరికాలోనే ఉన్నట్టు. అవతల ఫోను మోగుతున్నప్పుడు వినిపించే జంట మోత 20 సార్లు రావాలి. ఒడిశా అయినా ఆంధ్రా అయినా ఈ లెక్క ఒకటే, పార్వతీపురం మెకానిక్‌ని పిలిచినా ఇబ్బంది లేదు.

స్వాగత సందేశానికి ఇచ్చిన చోటు 2,40,000 బైట్లు. సెకనుకు 8000 పోతే 30 సెకన్లు. రాయగడలో ఒడియా, తెలుగు రెండూ కావాలి గనక చెరి 15 సెకన్లలో ముగించాలి. లాడ్జి పేరు, రిసెప్షన్ నంబరు చెప్పడానికి సరిపోతుంది, గదుల అద్దెలు చదవడానికి చాలదు.

కరెంటు పోయినా సెట్టింగులు నిలుస్తున్నాయి. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మాత్రం దేశం మళ్లీ మార్చాలి. ఆ మెనూ కోడు కాగితం మీద రాసి పెట్టె మూత లోపల అంటించండి.