పాత గేము తెరవగానే మూతపడుతోందా? కంపాటిబిలిటీ మోడ్, డీజీవూడూ, కొత్త కూర్పు, వర్చువల్ మెషీన్: ఏది మేలు?

జీటీఏ వైస్ సిటీ పీసీకి వచ్చింది 2003లో. నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి దాన్ని ఆడినవాళ్లు ఇప్పుడు సొంత ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుంటే, తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ డెస్క్‌టాప్ ప్రత్యక్షమవుతుంది. కారణం చెప్పే ఒక్క ముక్క కనబడదు. ఎవరిని అడిగినా "రైట్ క్లిక్ చేసి కంపాటిబిలిటీ మోడ్ పెట్టు" అంటారు. అందుబాటులో ఉన్న మార్గాల్లో బలహీనమైనది అదేనని నా అభిప్రాయం.

ఏ మార్గం పట్టాలో తేల్చుకునే ముందు, గేము ఎక్కడ చచ్చిందో చూడాలి. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ వెతికి తెరవండి. విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ అనే చోట, గేము మూతపడిన సమయానికి ఎర్ర గుర్తుతో, ఈవెంట్ ఐడీ 1000తో ఒక వరుస ఉంటుంది. అందులో "ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్" అన్న పంక్తి ముఖ్యం. అక్కడ డీ3డీ8.డీఎల్ఎల్ అనో, మీ గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ పేరో ఉంటే గొడవ బొమ్మలు గీసే దగ్గర. గేము సొంత ఫైలు పేరే ఉంటే సెట్టింగులనో విండోస్ వెర్షన్‌నో అనుమానించవచ్చు. విండోస్ సొంత ఫైలైన ఎన్‌టీడీఎల్ఎల్ పేరు వస్తే మాత్రం దాన్నిబట్టి తేలేది తక్కువ. సగం క్రాష్‌లు ఆ పేరు మీదే నమోదవుతాయేమో అనిపిస్తుంది. అసలు క్రాష్ కాకుండా, డీ3డీఎక్స్9తో మొదలయ్యే ఫైలేదో లేదని పెట్టె వస్తే వెతుకులాటే అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ వారి 2010 జూన్ డైరెక్ట్‌ఎక్స్ రన్‌టైమ్ వేసుకుంటే సరి.

వైస్ సిటీకి ఒక చిట్కా ఉంది, దానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. డాక్యుమెంట్స్‌లో "జీటీఏ వైస్ సిటీ యూజర్ ఫైల్స్" అనే ఫోల్డరు, అందులో జీటీఏ_వీసీ.సెట్ అనే చిన్న ఫైలు ఉంటాయి. తెర సైజు వంటి అమరికలు అందులోనే ఉంటాయి. అది పాడైతే గేము మొదట్లోనే కూలుతుంది. దాన్ని తీసేస్తే గేము కొత్తది తయారు చేసుకుంటుంది. పక్కనే .బీ తోకతో ఉన్నవి మీరు సేవ్ చేసిన ఆటలు, వాటి జోలికి వెళ్లకండి.

ఇక కంపాటిబిలిటీ మోడ్. అది నిజంగా పాత విండోస్‌ను తెచ్చిపెట్టదు. గేము "ఇది ఏ విండోస్?" అని అడిగితే "ఎక్స్‌పీ" అని అబద్ధం చెబుతుంది, గేము విండోస్‌ను పని అడిగే పిలుపుల్లో మరికొన్నింటిని మధ్యలో అడ్డుకుని సర్దుతుంది. వెర్షన్ అంకె చూసి మొరాయించే గేములకు ఈ అబద్ధం చాలు. బొమ్మలు గీయడానికి గేము వాడే డైరెక్ట్3డీ 8 పిలుపులను కొత్త డ్రైవర్ సరిగా పట్టించుకోక కూలిపోయే గేముకు మాత్రం ఎక్స్‌పీ అన్నా 98 అన్నా ఒకటే. ఇక "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఫలించిందంటే, గేము ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోయి అనుమతి లేక ఆగిపోతోందని అర్థం. అప్పుడు గేమును సీ డ్రైవులో మామూలు ఫోల్డరులోకి మార్చేయడమే శుభ్రమైన పని. ప్రతిసారీ పాత ప్రోగ్రాముకు పూర్తి అధికారాలు ఇవ్వడం నాకు నచ్చదు.

డీజీవూడూ2 దారి వేరు. డెగె అనే పేరుతో పనిచేసే ప్రోగ్రామర్ దీన్ని ఉచితంగా ఇస్తున్నారు. బొమ్మలు గీసే పాత పద్ధతులైన గ్లైడ్, డైరెక్ట్‌డ్రా, డైరెక్ట్3డీ 9 వరకు వచ్చే పిలుపులను పట్టుకుని డైరెక్ట్3డీ 11 లేదా 12లోకి మారుస్తుంది. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. జిప్ విప్పి, ఎంఎస్ ఫోల్డరులోని ఎక్స్86 నుంచి డీ3డీ8.డీఎల్ఎల్‌ను గేము ఈఎక్స్ఈ పక్కన పెడితే చాలు. విండోస్ సొంత ఫైలు కంటే ముందు గేము దీన్నే అందుకుంటుంది. దీనితోపాటు వచ్చే కంట్రోల్ ప్యానెల్‌ను కూడా అక్కడే పెట్టి తెరిస్తే అమరికలు మార్చుకోవచ్చు. గేము మొదలయ్యాక తెర మూలన డీజీవూడూ ముద్ర కనబడితే పని జరుగుతున్నట్టే. ఆ ముద్రను తర్వాత డైరెక్ట్‌ఎక్స్ ట్యాబులో తీసేయవచ్చు. ఇందులో మరో లాభం ఉంది. నేటి కార్డుల్లో గిగాబైట్ల కొద్దీ వీడియో మెమొరీ ఉంటుంది. అంత పెద్ద అంకెను 32 బిట్ల లెక్కలో పట్టలేక కొన్ని పాత గేములు మొదట్లోనే కూలుతాయి. డీజీవూడూ తనది చిన్న కార్డని చెప్పుకుంటుంది కాబట్టి ఆ చిక్కూ పోతుంది. లోపం ఒకటే: గొడవ గ్రాఫిక్స్‌ది కాకపోతే ఇది చేయగలిగింది ఏమీ లేదు. గేము లోపలి దోషాలకు అభిమానులు చేసిన సైలెంట్ ప్యాచ్ వంటివి జతచేయాలి. ఏదైనా తయారుచేసినవారి పేజీ నుంచే దించుకోండి, డీఎల్ఎల్‌లు విడిగా పంచే సైట్ల నుంచి వద్దు.

పాత డిస్కులే మీ దగ్గర ఉంటే ఈ పోలిక మారిపోతుంది. సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ నడవాలంటే సెక్‌డ్రైవ్ అనే డ్రైవర్ కావాలి. భద్రతా లోపం వల్ల 2015లో విండోస్ 10 దాన్ని వదిలేసింది, పాత విండోస్‌లలో కూడా ఒక అప్‌డేట్ దాన్ని ఆపేసింది. ఆ డిస్కులతో డీజీవూడూ దాకా వెళ్లే అవకాశమే ఉండదు. క్రాక్ చేసిన ఈఎక్స్ఈ వెతకడం కంటే జీఓజీ వంటి ఆన్‌లైన్ గేముల దుకాణంలో డిజిటల్ కూర్పు కొనడమే మేలు. వాళ్లు అమ్మేవాటికి కాపీ రక్షణ ఉండదు, నేటి విండోస్‌కు సరిచేసే ఇస్తారు. రీమాస్టర్, అంటే పాత గేముకు కొత్త మెరుగులు దిద్దిన కూర్పు అయితే మాత్రం ఆలోచించి కొనండి. 2019 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్‌కు నేను కళ్లు మూసుకుని డబ్బిస్తాను. 2021లో వచ్చిన జీటీఏ ట్రిలజీ విడుదలైన తీరుకు రాక్‌స్టార్ సంస్థే క్షమాపణ చెప్పుకుంది.

వర్చువల్ మెషీన్‌లో, అంటే మీ కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన మరో కంప్యూటర్‌లో, ఎక్స్‌పీ నడపడం వినడానికి బాగుంటుంది. అయితే అలాంటి సాఫ్ట్‌వేరైన వర్చువల్‌బాక్స్‌లో 6.1 నుంచి ఎక్స్‌పీకి 3డీ సాయం లేదు కాబట్టి వైస్ సిటీ వంటివాటికి వ్యర్థం. అలాంటిదే అయిన వీఎంవేర్ నయం, అయినా అంత శ్రమ 2డీ గేములకో, డీజీవూడూ వంటి వేటికీ లొంగని వాటికో పెట్టుకోవాలి. 16 బిట్ల గేము లేదా ఇన్‌స్టాలర్ అయితే 64 బిట్ల విండోస్ దాన్ని అసలు తెరవనే తెరవదు. దానికి కూడా ముందు ఓటీవీడీఎం అనే చిన్న ఉచిత పరికరాన్ని ప్రయత్నించి చూసి, అది విఫలమైతేనే ఎక్స్‌పీ డిస్కు కోసం అటక మీద వెతకండి.