మొబైల్ డేటా మీద రిపీటర్ లింక్: ఐదేళ్ల వాడకం తర్వాత

మేముండేది అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రం పశ్చిమాన. మా హ్యామ్ (అభిరుచి కోసం రేడియో వాడేవాళ్ల) క్లబ్‌కు రెండు రిపీటర్లున్నాయి, అంటే చేతి రేడియోల మాటను అందుకుని మళ్లీ దూరానికి ప్రసారం చేసే కేంద్రాలు. ఒకటి ఊళ్లో, ఒకటి కొండ మీద. మధ్యలో గుట్ట అడ్డం. కొండ మీద కరెంటు ఉంది గానీ ఇంటర్నెట్ కేబుల్ లేదు. అందుకే ఐదేళ్ల కిందట అక్కడ ఒక రాస్‌ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్), సిమ్‌తో నడిచే 4జీ మోడెమ్ పెట్టి, ఇంటర్నెట్ మీదుగా రిపీటర్లను కలిపే ఆల్‌స్టార్‌లింక్ అనే సాఫ్ట్‌వేర్‌తో రెంటినీ కలిపాం.

రోజువారీ వాడకానికి ఇది చాలా బాగుంది. డేటా ఖర్చు గురించి భయపడక్కర్లేదు. యూలా కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే పద్ధతి) ఒక్కో వైపు గంటకు సుమారు 35 ఎంబీ అవుతుంది. కొండ అవతలి తెలుగు మిత్రుడూ నేనూ ఆదివారాలు చేతి రేడియోలతో హాయిగా తెలుగులో మాట్లాడుకుంటాం. పది నిమిషాలకోసారి కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) మాత్రం ఇంగ్లీషులో చెప్పాలి, అది ఇక్కడి నియమం. పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కి ఉంచే బటన్) నొక్కాక ఒక సెకను ఆగడం అలవాటు చేసుకోవాలి, లేదంటే మొదటి మాట అవతలికి చేరదు.

ఇబ్బంది పెట్టింది సిమ్. దానికి పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లు నేరుగా చేరుకోగల ఇంటర్నెట్ చిరునామా, రాదు కాబట్టి ఆల్‌స్టార్‌లింక్ వాడే 4569 పోర్టుకు బయటి నుంచి వచ్చే కాల్ కొండ దాకా చేరదు. కొండ మీది నోడే (రిపీటర్‌ను లింక్‌కు కలిపే కంప్యూటర్) ఊళ్లోని నోడ్‌కు కాల్ చేసేలా పెట్టుకోవాలి. ఇది తెలిసేలోపు మూడు వారాంతాలు కొండెక్కి దిగాను. సాయంత్రం రద్దీకి మాట తెగిపోతుంటే జిట్టర్ బఫర్ (వచ్చిన మాటను కాసేపు ఆపి సాఫీగా వినిపించేది) ఆన్ చేశాం. ఆలస్యం కాస్త పెరిగింది కానీ మాట శుభ్రంగా వస్తోంది. మోడెమ్ బిగుసుకుపోతే కరెంటు తీసి మళ్లీ ఇచ్చే రిలే (తనంతట తానే పనిచేసే స్విచ్) తప్పనిసరి.

2024 సెప్టెంబర్ 27న హెలీన్ తుఫాను వచ్చింది. మొబైల్ నెట్‌వర్క్ పోయింది. రెండు రిపీటర్లూ బ్యాటరీల మీద బతికే ఉన్నాయి, లింక్ మాత్రం లేదు. అవతలివాళ్లు రోడ్ల గురించి అడుగుతున్నది మాకు వినపడలేదు. ఆ రోజుల్లో ఇక్కడి జనానికి ఆసరా అయింది మౌంట్ మిచెల్ రిపీటర్, 145.190 మెగాహెర్ట్జ్. గంటల తరబడి ఆ గొంతులు విన్న నాకు మా లింక్ మీద నమ్మకం పోయింది.

ఆ చలికాలంలోనే గుట్ట మీద ఒక సభ్యుడి పొలంలో స్తంభం పాతి, 5 గిగాహెర్ట్జ్ డిష్ యాంటెన్నాలతో ఏఆర్‌ఈడీఎన్ మెష్ వేశాం. అది మొబైల్ కంపెనీ అవసరం లేకుండా హ్యామ్‌లే నడుపుకునే వైర్‌లెస్ నెట్‌వర్క్. ఏప్రిల్‌లో చెట్లు చిగురించేసరికి సిగ్నల్ బాగా పడిపోయింది, స్తంభం ఎత్తు పెంచాల్సి వచ్చింది. ఆకులు రాలిన కాలంలో డిష్ బిగించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మీరు కొత్తగా మొదలుపెడుతుంటే 4జీతోనే మొదలుపెట్టండి. తుఫానులో కూడా పనిచేయాలంటే మాత్రం సొంత డిష్‌లు, సొంత బ్యాటరీలు కావాలి. మా కొండ మీది నోడ్ ఇప్పుడు ముందు మెష్ వైపు చూస్తుంది, అది అందకపోతేనే సిమ్ వాడుతుంది.